గేటుకి ఎదురుగా కానుగ చెట్టు

9 మే 2002

బ్యాంకు వాళ్ళు ఈ ఏడు కూడా డైరీ పంపారు. వీఆర్ఎస్ తీసుకున్నవాళ్ళకి పంపక్కర్లేదు, అయినా పంపారు. ఇన్నాళ్ళూ బీరువాలో పడి ఉంది, ఇవాళ తీశాను. రాయడానికేమీ లేదు. నేను సుఖంగానే ఉన్నాను.

పొద్దున ఊరికే గడియారం చూస్తే కౌంటరు తెరిచే వేళ. నేను లేకపోయినా రోజూ తెరుస్తూనే ఉన్నారట.

10 మే

ఎండ.

13 మే

చిట్టెమ్మ పడిపోయింది.

మా ఇంటి పక్క ఖాళీ స్థలం అంచున ఆమె ఇస్త్రీ బండి ఉంటుంది. కాలనీ పుట్టినప్పటి నుంచీ ఉంది. మధ్యాహ్నం నా ఆఫీసు చీరలు రెండు పట్టుకెళ్ళాను. కట్టుకోవడం లేదు గానీ మడతలు పోతాయని ఇస్తున్నాను. నేను చూస్తుండగానే ఇస్త్రీ పెట్టెను జాగ్రత్తగా నిలబెట్టి, తర్వాత కూలిపోయింది. చీర కాలలేదు.

ఎదురింటి సూర్యకళ తడి తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అక్కయ్యగారూ, ముందు నీడలోకి మార్చాలండి" అంది. నీడ ఎక్కడుంది? వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక మనిషిని పడుకోబెట్టే పాటి నీడ లేదు. చివరికి మా వరండాలోకి మోసుకొచ్చాం. సూర్యకళ భర్త సుధాకర్ కారు తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మండపేటలో రైసు మిల్లు ఉంది ఆయనకి. ఆ వేళప్పుడు ఇంట్లో ఉండటం మా అదృష్టం.

మా కాలనీ పేరు మామిడితోట. మామిడి చెట్టు ఒక్కటీ లేదు. అన్నీ కొట్టేసి ప్లాట్లు వేసి, జాలిపడి పేరు మాత్రం ఉంచారు.

17 మే

చిట్టెమ్మ తిరిగొచ్చింది. బండి కూడా తెరిచింది. "డాక్టరుగారు ఎండలో నిలబడొద్దన్నారండి. మరి బండి ఎక్కడ పెట్టుకోవాలో ఆ చీటీలో రాయలేదండి" అంది.

పెట్టెలో బొగ్గులు సర్దుతూ అంది: "ఇలాంటి ఎండాకాలం ఇంకో రెండు చూశానంటే నేనుండనండి. కోరుకొండలో మా తమ్ముడున్నాడు. వచ్చెయ్యమంటున్నాడు. అక్కడ చేసే పనేం లేదండి. ఊరికే కూచోవాలి."

ఊరికే కూచోవడం ఎంత కష్టమో ఈ కాలనీలో నాకే బాగా తెలుసు. అంటే, తెలుసని కాదు. ఊహించగలను.

2 జూన్

చర్చిలో ప్రసంగం సగం వినలేదు. మనసులో వీధి గీసుకుంటూ కూర్చున్నాను. మా ఇంటి వరసలో ఖాళీగా ఉన్న పడమటి అంచు పొడుగునా సమాన దూరంలో కానుగ మొక్కలు. మేకలు ముట్టవు, గాలికి విరగవు, వేసవికి నిండా చిగురేస్తాయి.

ఇంటికొచ్చి ఈయనతో చెప్పాను. మా ఆయన రమేష్ బాబు గారు కాలేజీలో చరిత్ర చెబుతారు. అశోకుడు చెట్లు నాటించెను అని నన్ను చూసి నవ్వారు. నేను నవ్వలేదు.

9 జూన్

కాలనీ సంఘం ప్రెసిడెంటు అచ్చిబాబు గారింటికి వెళ్ళాను. "మున్సిపాలిటీ వాళ్ళకే లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ మేడమ్‌గారూ?" అన్నారు.

కత్తిపీటంటే ఏంటో చూపిస్తాను.

28 జూలై

వాన లేదు. కాలవలకి నీళ్ళు ఎప్పుడొదులుతారో ఎవరికీ తెలీదు. ఊళ్ళో నాట్లే పడలేదు, మీకు చెట్ల నాట్లా అని పాలబ్బాయి కూడా అడిగాడు.

18 ఆగస్టు

నిన్న చినుకులు పడ్డాయి. ఇక ఆగలేదు. కడియం నర్సరీకి వెళ్ళి నిలువెత్తు మొక్కలు ఎంచి, ట్రక్కు ఆటోలో వేయించి తెచ్చాను. ఆటోలో వాటి మధ్యనే కూర్చుని వచ్చాను. రోడ్డు మీద జనం చూశారు. చూడనీ.

గుంతలు తవ్వడానికి మనుషుల్ని పెట్టాను. సూర్యకళ కొంగు దోపుకుని తనూ వచ్చింది. టేపు పెట్టి కొలిచి నాటించాను, ఒక్క అంగుళం తేడా లేకుండా. బ్యాంకులో పని చేసిన చెయ్యి మరి.

చిట్టెమ్మ బండి పక్కన నాటినదానికి చిట్టెమ్మే మొదటి చెంబు పోసింది. "ఇది నాదండి" అంది. సూర్యకళ గేటుకి సూటిగా ఎదురుగా ఉంది అది. ఎవరో అదే మాట అంటే సూర్యకళ, "ఉంటే ఉండనీయండి, ఆకు పచ్చగా కంటికి కనబడుతుంది" అంది. మంచి పిల్ల.

చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

21 ఆగస్టు

అచ్చిబాబు గారి గేటుకి ఎదురుగా నాటిన మొక్క ఇప్పుడు వాళ్ళ పక్కింటివాళ్ళ గేటుకి ఎదురుగా ఉంది.

నేనే తప్పు కొలిచానా?

23 ఆగస్టు

నేను తప్పు కొలవలేదు. ఆ మొక్క ఇవాళ ఇంకో గేటు దాటింది.

25 ఆగస్టు

మొక్కలు నడుస్తున్నాయి.

ఈయన నవ్వు ఆపుకోలేక చెప్పారు. "కుమారీ, గుమ్మానికి ఎదురుగా చెట్టుంటే వాస్తు దోషం. ఎవరి గేటు ముందున్న మొక్కని వాళ్ళు పీకి పక్కవాళ్ళ గేటు ముందు పాతుతున్నారు. వాళ్ళు ఆ పక్కవాళ్ళకి తోస్తున్నారు."

అందరూ చదువుకున్నవాళ్ళే. ఒకాయన ఇంజనీరు కూడాను. మొక్కని చంపితే పాపమట, అందుకని వేళ్ళతో సహా తీసి భక్తిగా పక్కవాళ్ళకి అంటగడుతున్నారు. వారంలో మూడుసార్లు వేళ్ళు పెకిలిస్తే అది బతుకుతుందా? అచ్చిబాబు గారిని అడిగేశాను. "మొక్క దానంతటదే జరిగిందేమోనండి, నేల మెత్తగా ఉంది" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గోళ్ళ నిండా మట్టి.

నా తప్పూ ఉంది. నేల కొలిచాను గానీ గేట్లు చూడలేదు. మా నాన్న హెడ్మాస్టరు. ముహూర్తం చూడకుండా మా పెళ్ళి చేసిన మనిషి. మా ఇంట్లో గుమ్మం ఎటుందో ఎవరూ పట్టించుకోలేదు. అందరిళ్ళూ మా ఇల్లే అనుకున్నాను.

15 సెప్టెంబరు

అన్నీ ఎండిపోయాయి, ఒక్కటి తప్ప. చిట్టెమ్మ బండి పక్కన ఉన్నది. పగలంతా ఆమె దాని పక్కనే ఉంటుంది. "నేనుండగా ఎవరు చెయ్యి వేస్తారో చూస్తానండి. పెట్టె వేడిగానే ఉంటుంది" అంది.

16 సెప్టెంబరు

నాకేం? పెన్షనుంది, టీవీ ఉంది. ఈ కాలనీ మాడి మసైపోనీ.

17 సెప్టెంబరు

టీవీలో ఏమీ లేదు.

6 అక్టోబరు

ఇది ఎవరికీ చెప్పను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వాస్తు సిద్ధాంతి అప్పాజీ గారింటికి వెళ్ళాను. ఈ చుట్టుపక్కల ఆయన మాట లేనిదే మెట్టు కూడా కట్టరు. చర్చికి కట్టుకెళ్ళిన చీరతోనే వెళ్ళాను, ప్రభువు క్షమించుగాక. "అయ్యా, ఏ ఇంటికి చెట్టు ఎక్కడుంటే మంచిదో మీరే వచ్చి ముగ్గు వేసి చూపించండి" అన్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఇంతకాలం నన్ను చెట్లు కొట్టించడానికే పిలిచారమ్మా. నాటించడానికి పిలిచినవాళ్ళు మీరే" అన్నారు. నేను వాదన పెట్టుకుందామని సిద్ధపడి వెళ్ళాను, ఆ అవసరమే రాలేదు.

ఇందులో నా నమ్మకం ఏమీ చెడలేదు. నేను నమ్మినది చెట్టుని.

13 అక్టోబరు

అప్పాజీ గారు వచ్చారు. పళ్ళెంలో ముగ్గు పట్టుకుని వీధంతా నడిచారు. ప్రతి ఇంటికీ ఎదురుగా, గేటు వదిలేసి గోడకి సూటిగా, ఒక గుండ్రం గీశారు. "ఇక్కడ చెట్టు పెరిగితే ఈ ఇంటికి చల్లదనం, ఆరోగ్యం" అని ఇంటి యజమానిని పిలిచి మరీ చెప్పారు. అదొక్కటీ అబద్ధం కాదు.

అచ్చిబాబు గారు తన గుండ్రం చుట్టూ రాళ్ళు పేర్చుకున్నారు, పక్కవాళ్ళు జరుపుతారని భయం.

కడియం నుంచి మళ్ళీ మొక్కలొచ్చాయి. ఈసారి ఎవరి మొక్కకి వాళ్ళే గుంత తవ్వుకున్నారు. ఇంజనీరు గారు తన మొక్కకి వెదురు తడిక కట్టి తాళం కూడా వేశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఈ వీధిలో ఆ తలతన్నేది నేనే. గొప్పలు పోతున్నాను. ఇవాళ్టికి పోనీ.

సూర్యకళ వాళ్ళు మాత్రం ఇవాళ మండపేటలో ఉన్నారు. వాళ్ళ గేటు ముందు చెట్టు ఎప్పుడో నాటుకుపోయింది. అప్పాజీ గారు దాన్ని చూసి పెదవి విరిచారు. చిట్టెమ్మ పెట్టెలో బొగ్గులు విసురుతూ ఆయన్ని చూసింది. ఆయన ముందుకి నడిచారు.

20 నవంబరు

సుధాకర్ మోటారు సైకిలు మీద నుంచి పడ్డారు. కాలు విరిగింది. కట్టు వేశారు.

24 నవంబరు

సూర్యకళ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "అక్కయ్యగారూ, అందరూ ఆ చెట్టు వల్లేనంటున్నారండి. మా అత్తగారు అన్నం మానేశారు. దాన్ని కాస్త పక్కకి జరిపిస్తారా?" అంది.

ఇప్పుడు జరిపితే చచ్చిపోతుంది. ఆ మాట చెప్పి ఊరుకోవాల్సింది. నేనన్నది వేరు. "చెట్టేం చేసిందమ్మా? మీ ఆయన బండి నడిపే తీరు కాలనీ అంతా చూస్తూనే ఉంది" అన్నాను.

సూర్యకళ మొహం తెల్లబోయింది. "సరే మేడమ్‌గారూ" అని వెళ్ళిపోయింది.

మేడమ్‌గారు.

25 నవంబరు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అన్నారు ఈయన, కాఫీ తాగుతూ, కిటికీతో చెబుతున్నట్టు. నేను అన్నదాంట్లో అబద్ధమేముంది? ఆమె మాట్లాడకపోతే నాకు వచ్చిన లోటేమీ లేదు.

25 డిసెంబరు

పండక్కి వీధి మొత్తానికి కేకు పంపాను. సూర్యకళ ఇంటికి ఈయన పట్టుకెళ్ళారు. తీసుకుందట. ఏమైనా అందా అని నేను అడగలేదు. ఏమీ అనలేదని ఆయనే చెప్పారు.

30 మార్చి 2003

కొత్త డైరీ ఈసారి కొన్నాను.

వీధిలో ఏ మొక్కా చావలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు, ఒక్క చుక్క మోరీలో పొయ్యడం లేదు ఎవరూ. పొద్దున్నే బిందెలతో బయటికొచ్చి ఎవరి చెట్టు ఎంత పెరిగిందో పోల్చుకుంటున్నారు. అచ్చిబాబు గారు తన చెట్టు పక్కన నిలబడి తల ఎత్తి చూస్తుంటారు, మనవడి ఎత్తు చూసినట్టు.

చిట్టెమ్మ చెట్టుకి నీళ్ళు నా బాధ్యత. ఎదురింటి వాళ్ళు నరికించడానికి ధైర్యం చెయ్యలేదు. నేనంటే భయం ఉంది.

19 మే

ఈయనా నేనూ ఆడపడుచు ఇంటికి రెండు వారాలు వెళ్ళాల్సి వచ్చింది. చిట్టెమ్మ కూడా ఎండకి తట్టుకోలేక తమ్ముడింటికి వెళ్ళింది. దారంతా ఒకటే బెంగ, ఈ ఎండకి చెట్టు మిగలదని. రిక్షా దిగి సూట్‌కేసు కూడా లోపల పెట్టకుండా చూడ్డానికి వెళ్ళాను.

పచ్చగా ఉంది. పాదులో మట్టి తడిగా ఉంది. మున్సిపాలిటీ పైపు అక్కడెక్కడో లీకవుతున్నట్టుంది. మొదటిసారి ఆ శాఖ వాళ్ళని మెచ్చుకున్నాను.

పాదు నిండా ఎవరో ఊక పోశారు. వీధిలో శుభ్రత అనేది లేదు. ఏ లారీలోంచి జారిందో. తీసేద్దామనుకున్నాను గానీ కింద మట్టి చల్లగా ఉంది. ఉంచేశాను.

28 మే

మళ్ళీ ఊక. ఈ లారీల వాళ్ళకి ఈ మూలే దొరికింది.

2 జూలై

చిట్టెమ్మ తిరిగొచ్చింది. చిక్కిపోయింది. "ఊరికే కూచోబెట్టి తిండి పెట్టాడండి. అరగలేదండి" అంది. చెట్టు చూసి కాండం మీద చెయ్యి వేసింది. "వచ్చే ఎండాకాలానికి నీడ పడుతుందాండి? పడకపోతే ఈసారి వెళ్ళడం వెళ్ళడమేనండి. ఒంట్లో లేదు" అంది.

పడుతుందని చెప్పాను. నాకు తెలీదు.

10 ఆగస్టు

పుష్కరాల జనంతో ఊరు ఊరంతా ఊపిరాడకుండా ఉంది. మా వీధి చివర ఎవరో యాత్రికులు అచ్చిబాబు గారి చెట్టు కింద తుండుగుడ్డ పరుచుకుని పులిహోర తిన్నారు. ఆ చెట్టు నీడ ఇంకా గొడుగంతే. ఆయన వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చి, "మా చెట్టండి" అని చెప్పడం విన్నాను.

ఎదురు గేటులో సూర్యకళ నిలబడి నవ్వుతోంది. నేనూ నవ్వాను. అచ్చిబాబు గారిని చూసే.

15 ఫిబ్రవరి 2004

సుధాకర్ మిల్లులో ఏదో మిషను పాడై పని ఆగిందట. అప్పాజీ గారు సూర్యకళ ఇంటికి వచ్చి వెళ్ళారని చిట్టెమ్మ చెప్పింది. గేటన్నా జరగాలి, చెట్టన్నా పోవాలి, ఉగాది లోపల తేల్చుకోండని చెప్పారట. వాళ్ళ అత్తగారు పట్టిన పట్టు వదలడం లేదట.

రాత ఎటు తేలుతుందో తెలియడానికి సిద్ధాంతి అక్కర్లేదు. గోడ, గేటు, రాతి స్తంభాలు పడగొట్టి కట్టుకుంటారా, నా మొహం చూసి? ఒక్క గొడ్డలి వేటు చాలు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే అక్కయ్యగారూ అని అడిగేది, నేనూ ఏదో దారి వెతికేదాన్ని. నేను చేసింది తప్పు. రాసేశాను.

22 ఫిబ్రవరి

చర్చిలో ఆ చెట్టు కోసమే ప్రార్థన చేశాను. మనుషుల కోసం చెయ్యాల్సింది. చేశాననే అనుకుంటాను, చిట్టెమ్మ కూడా మనిషే.

26 ఫిబ్రవరి

పొద్దున ఎదురింట్లోంచి మేస్త్రీ, ఇద్దరు మనుషులు వచ్చారు. చేతుల్లో గునపాలు, సమ్మెట. సూర్యకళ వెనకాల ఉంది.

చేతిలో ఉన్న పప్పు చేట అలాగే పట్టుకుని బయటికి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాను. చిట్టెమ్మ పెట్టె పట్టుకుని నా పక్కకొచ్చింది. యాభై దాటిన ఇద్దరు ఆడవాళ్ళం, ఒకరి చేతిలో చేట, ఒకరి చేతిలో ఇస్త్రీ పెట్టె. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

"సూర్యకళా, ముందు నా మాట విను" అన్నాను.

"కాస్త పక్కకి జరగండి మేడమ్‌గారూ, రాళ్ళు ఎగురుతాయి" అన్నాడు మేస్త్రీ. అని, వెనక్కి తిరిగి సమ్మెటతో గేటు స్తంభాన్ని కొట్టాడు.

సూర్యకళ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది. "గేటు వాయవ్యం వైపు జరుపుతున్నామండి. అప్పాజీ గారు కొలిచి ఇచ్చారు" అంది.

నేను గేటు వంకా చెట్టు వంకా మార్చి మార్చి చూశాను.

"ఆయన కాలు విరిగి కిటికీ దగ్గర మంచం మీద ఉన్నారు చూడండి, అన్నాళ్ళూ ఆయన చూసింది దీన్నేనండి. ఇవాళ చిగురొచ్చింది, ఇవాళ పిట్ట వాలింది అని పిలిచి మరీ చెప్పేవారు. అత్తయ్యగారికి ఏం చెప్పాలో తెలీక ఇన్నాళ్ళు నాన్చాం. నిన్న ఆయనే తేల్చేశారండి. గేటుదేముంది, ఇనుము. ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. చెట్టు ఉంటుందా అన్నారు."

వంగి పాదులో రాలిన ఆకు ఏరింది. "పోయిన వేసవి మీరు ఊళ్ళో లేనన్నాళ్ళూ నీళ్ళు పోశాను. నా చేత్తో ఎలా కొట్టించనండి?"

"మరి ఆ ఊక?" అన్నాను.

"మా మిల్లుదేనండి. తేమ ఆగుతుందని తెప్పించాను. మీకు తెలీదా?"

"తెలుసు" అన్నాను.

చిట్టెమ్మ నా మొహం చూసి తల తిప్పుకుంది. ఆమెకి ముందే తెలుసు. నన్ను చూసి ఎన్ని రోజులు లోపల్లోపల నవ్వుకుందో.

"ఆ రోజు నేనన్న మాట" అని మొదలుపెట్టాను.

"ఆయన నిజంగానే అలాగే నడుపుతారండి" అంది సూర్యకళ. ఇంకేమీ చెప్పనివ్వలేదు. చేటలో పప్పు చూసి, "ఇవాళ మీ ఇంట్లో పప్పేనా అక్కయ్యగారూ? వంకాయ కూర పంపిస్తాను" అంది.

అక్కయ్యగారూ అంది.

లోపలికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఈయన చూశారు. అశోకుడి గురించి ఏమీ అనలేదు, పప్పు తనే పొయ్యి మీద పెట్టారు. మాడ్చారు.

21 మార్చి

ఉగాది. సూర్యకళ కొత్త గేటుకి మామిడాకులు కట్టింది. చెట్టు ఆకంతా రాల్చి మళ్ళీ చిగురేసింది. వేపపువ్వు పచ్చడి గిన్నెతో సుధాకర్ స్వయంగా నడిచొచ్చారు. కాలు బాగుంది. మిల్లు కూడా తిరుగుతోందట. అది గేటు మహిమని వాళ్ళత్తగారు, చెట్టు చల్లదనమని అప్పాజీ గారు. మిషను బాగుచేసినవాడి పేరు ఎవరూ ఎత్తలేదు.

18 ఏప్రిల్

ఆకు దట్టమైంది.

10 మే 2004

ఎండ. రెండేళ్ళ కిందట ఎలా కాసిందో ఇవాళా అలాగే కాసింది.

మధ్యాహ్నం చీర ఇస్త్రీకి పట్టుకెళ్ళాను. ఇది కట్టుకునే చీరే. వచ్చే వారం పక్క కాలనీ వాళ్ళు వాళ్ళ వీధికి మొక్కలు ఎలా వెయ్యాలో చెప్పమని పిలిచారు. అప్పాజీ గారూ వస్తున్నారు. ముందు గేట్లు చూసి, తర్వాతే టేపు తీస్తాం.

చిట్టెమ్మ బండి చెట్టు మొదట్లో ఉంది. చెమటే లేదు ఆమె మొహాన. పెట్టె ఆడిస్తూ కబుర్లు చెబుతోంది. కోరుకొండ తమ్ముడు తీసుకెళ్ళడానికి వస్తే, వాణ్ణే అక్కడ స్టూలు మీద కూచోబెట్టి బొగ్గులు విసరమంది. సూర్యకళ మజ్జిగ గిన్నె పట్టుకొచ్చి నిలబడింది. పోస్టుమ్యాను సైకిలు ఆపుకుని ఉత్తరాలు సర్దుకుంటున్నాడు. ఆటో అతను ఆటో సగం నీడలోకి దూర్చి నిద్రపోతున్నాడు. అచ్చిబాబు గారు తన చెట్టు వదిలేసి ఇక్కడికొచ్చి, దీని నీడ కొంచెం ఎక్కువని ఒప్పుకున్నారు. ఎవరిదో ఆవు కూడా ఉంది.

నేను వెళ్ళి ఎండలోనే నిలబడ్డాను. ఎవరూ జరగలేదు. చిట్టెమ్మ తలెత్తి, "చీర అక్కడ పెట్టి మీరు లోపలికెళ్ళండి మేడమ్‌గారూ. ఎండలో నిలబడకూడదు" అంది.

ఇవాళ ఆ నీడలో నాకు చోటు దొరకలేదు.